తువ్వాలు రెండో కొస

మా ఆయనకు స్నానం చేసి వచ్చాక తడి తువ్వాలును బాల్కనీలో గట్టిగా విదిలించి ఆరేసే అలవాటు. తిరుపతిలో మేముండేది మూడో అంతస్తు. పొద్దున్నే ఆ చప్పుడు వినపడగానే, నేను ఏ పనిలో ఉన్నా నా కుడిచెయ్యి దానంతట అది కొంచెం ముందుకు వస్తుంది. మోచెయ్యి కాస్త వంగుతుంది, వేళ్ళు దేన్నో అందుకోబోతున్నట్టు ముడుచుకుంటాయి. ఇరవై ఏళ్ళు దాటినా ఈ చెయ్యికి బుద్ధి రాలేదు. దానికి ఆ అలవాటు నేర్పింది విల్‌ఫ్రెడ్ మాస్టారు. చిత్తూరులో ఎవరూ ఆ పేరు సరిగ్గా పలికిన పాపాన పోలేదు. అందరూ ఇల్పెడ్ మాస్టరు అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆయన కూడా తన పేరును అట్లాగే చెప్పుకోవడం మొదలుపెట్టారు.

తొంభైల చివరి మాట ఇది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చిత్తూరులో ఒక చిన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. ఊళ్ళో ప్రతి బడీ వార్షికోత్సవంలో సినిమా పాటలకు ఎగురుతోందనీ, మనం ఎవరూ చూడనిదేదో చూపించాలనీ మా కరస్పాండెంటుకు పట్టుకుంది. ఎక్కడ వాకబు చేశారో గాని, దొరల డాన్సు నేర్పే మనిషి కోలారు గనుల నుంచి వచ్చి ఊళ్ళో ఉంటున్నాడని తెలిసి పిలిపించారు. అరవైకి దగ్గరపడిన మనిషి. ఇస్త్రీ చొక్కా ప్యాంటులోకి దోపి, పాత బూట్లకు మెరిసేలా పాలిష్ పెట్టి, భుజం మీద మాత్రం మన పల్లెల్లో వేసుకున్నట్టు గళ్ళ తువ్వాలు వేసుకుని వచ్చారు. మా డ్రిల్లు మాస్టరు చూసి, "కింద దొర, పైన రైతు" అని నవ్వాడు.

ఆయనది సత్యవేడు దగ్గర పల్లె. చిన్నతనంలో కోలారు పోయి, గనుల ఆఫీసర్ల క్లబ్బులో బేరరుగా చేరారట. ప్రతి శనివారం అక్కడ బ్యాండు, జంటల డాన్సు. హుషారుగా ఊగుతూ ఆడేది స్వింగ్, నెమ్మదిగా బరువుగా ఆడేది బ్లూస్. ఈయనా, అక్కడే ఆయాగా పనిచేసే ఈయన భార్య మేరీ, వంటింటి తలుపు సందులోంచి చూసి, గిన్నెల మధ్య ఆడుకుంటూ నేర్చుకున్నారు. ఎవరో ఆఫీసరు అది గమనించి, కొత్తగా వచ్చేవాళ్ళకు నేర్పే పని వీళ్ళకే అప్పగించాడు. "ఇరవై ఏండ్లు నేర్పించినాం మా, ఇద్దరం. నేను పిలిచేది, ఆమె వచ్చేది" అని చెప్పేవారు. గనులు చతికిలబడ్డాయి, క్లబ్బు మూతపడింది, మేరీ గుండెజబ్బుతో పోయింది. జంట డాన్సు నేర్పే మనిషికి జంట లేకుండా పోయింది.

మొదటిరోజే చిక్కు వచ్చిపడింది. మగపిల్లలు ఆడపిల్లల చేతులు పట్టుకోవాలనేసరికి క్లాసంతా కిసుక్కుమంది. ఇద్దరు ఆడపిల్లలు ఏడుపు మొహం పెట్టారు. మర్నాడు ఒక తల్లి బడికొచ్చి, "మా బిడ్డను తాకే డాన్సయితే మాకొద్దు సార్" అని తెగేసి చెప్పింది. కరస్పాండెంటు కంగారుపడ్డారు. మాస్టారు మాత్రం చల్లగా భుజం మీది తువ్వాలు తీసి, పిల్లల్ని చూసుకోవడానికి అక్కడున్న నా చేతికి ఒక కొస ఇచ్చి, రెండో కొస తాను పట్టుకున్నారు.

"ఇంగ ఎవురూ ఎవుర్నీ తాకే పనిలేదు. తువ్వాల వదులు కాకూడదు, బిర్రుగా లాక్కోకూడదు. మధ్యలో ఉండే ఈ బిగువు ఉండాది సూడు, డాన్సంతా ఆడ్నే ఉండాది" అన్నారు.

నాకు మోకాళ్ళు బిగుసుకుపోయేవి. "సంగటి గెలికేటప్పుడు ఎట్ల నిలబడతావు మా? అట్ల నిలబడు" అన్నారు. అంతే, వచ్చేసింది. పిల్లలు ఇళ్ళ నుంచి ఎనిమిది తువ్వాళ్ళు తెచ్చారు. టేప్‌రికార్డరులో బూరలు మోగుతుంటే ఎనిమిది జంటలు తువ్వాళ్ళు పట్టుకుని తిరిగేవి. ఆయన పదేపదే చెప్పేది ఒకే మాట. "ఒక చెయ్యి అడగతాది. ఇంకో చెయ్యి జవాబు చెప్పాల. అడిగినప్పుడు జవాబు రాలేదనుకో, ఆ మనిషి నడి హాల్లో ఒంటిగా నిలబడిపోతాడు. అంతకన్నా అవమానం లేదు." నేను తలూపి, లెక్క వేసుకుంటూ అడుగులు వేసేదాన్ని.

బాలల దినోత్సవానికి ఆ తువ్వాళ్ళ డాన్సు ఆడించాం. తల్లిదండ్రులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మొదట్లో గొడవ చేసిన తల్లే ముందు వరసలో కూర్చుని, తన బిడ్డను పక్కవాళ్ళకు చూపించి మురిసిపోయింది. ఆ ఊపులో కరస్పాండెంటు, వార్షికోత్సవానికి మాస్టారూ నేనూ కలిసి ఒక బ్లూస్ చెయ్యాలన్నారు. పెద్దాయన, టీచరు, మధ్యలో తువ్వాలు. ఎవరికీ తప్పు తోచలేదు.

కాని బ్లూస్ నాకు పట్టుబడలేదు. అది నెమ్మది నాట్యం. ఎదుటి మనిషి తన బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చడం మన చేతికి తెలియాలి. అంత నెమ్మదిలో తువ్వాలు జారిపోయేది. పదిహేను రోజులు తంటాలు పడ్డాం. నాకు నా మీదే కోపం వచ్చింది. ఒక మధ్యాహ్నం హాల్లో ఇద్దరమే సాధన చేస్తుండగా, "మాస్టారూ, ఈ తువ్వాలు తీసేయండి. చెయ్యి పట్టుకోండి. అట్లయితేగాని నాకు తెలియదు" అన్నాను.

"వద్దు మా. ఈ ఊరికి తువ్వాలే మేలు" అన్నారు ఆయన.

"ఒక్కసారే మాస్టారూ. ఎవరున్నారిక్కడ?"

ఆయన కాసేపు తటపటాయించారు. తువ్వాలు మడిచి కిటికీలో పెట్టి, అరచెయ్యి చొక్కాకు తుడుచుకుని, నా చెయ్యి అందుకున్నారు. ఒక్క పాట. ఆ ఒక్క పాటలో అన్నాళ్ళూ రానిది వచ్చేసింది. ఆయన ఎటు వాలబోతున్నారో వాలకముందే నాకు తెలిసిపోయింది. పాట అయ్యాక చెయ్యి వదిలేసి, "మేరీ ఇట్లే వచ్చేది" అని, మళ్ళీ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. అంత సంతోషం ఆయన ముఖంలో నేను అంతకుముందు చూడలేదు. ఆ సమయంలో టీ తెచ్చిన మా బడి ఆయా గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయా చెడ్డది కాదు. చూసింది చూసినట్టే చెప్పింది. ఇల్పెడ్ మాస్టరు టీచరమ్మ చెయ్యి పట్టుకున్నాడు అని. కాని మా వైపు ఆ మాటకు వేళ్ళతోనూ అరచేతితోనూ పనిలేదు. ఫలానావాడు ఫలానా పిల్ల చెయ్యి పట్టుకున్నాడంటే పంచాయితీ పెట్టాల్సిన సంగతి. ఆ మాట వంటగది దాటి, వీధి దాటి, మూడోరోజుకు కోర్టులో మా నాయన చెవిన పడింది. నాయన చిత్తూరు కోర్టులో బంట్రోతు. అప్పటికే నాకు ఐరాల సంబంధం ఖాయమై, తాంబూలాలు పుచ్చుకోవడం ఒక్కటే మిగిలి ఉంది.

కరస్పాండెంటు మాస్టారినీ, నాయనతో పాటు నన్నూ రమ్మన్నారు. బడికి నడిచిపోతూ నాయన నావైపు చూడకుండా చెప్పాడు. "అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిదానికి నోరు తెరవొద్దు. ముప్పై ఏండ్లుగా సూస్తా ఉండా, అడగంది చెప్పినోడే ఇరుక్కుంటాడు."

గదిలో మాస్టారు గోడవారగా నిలబడి ఉన్నారు. తువ్వాలు భుజం మీద లేదు, మడిచి చేతిలో పట్టుకున్నారు. కరస్పాండెంటు కాగితం, పెన్ను ముందు పెట్టుకుని, "చూడమ్మా, నేను పెద్దగా లాగను. ఒక్కటే మాట. మాస్టరు నీ చెయ్యి పట్టుకున్నాడా, లేదా?" అన్నారు.

"పట్టుకున్నారు సార్" అన్నాను.

నేను 'న్నారు' అన్నాను. కాగితం మీద 'న్నాడు' అని పడింది. అది కూడా నేను చూస్తూనే ఉన్నాను.

దాని తర్వాత చెప్పాల్సిన వాక్యం ఇంకొకటి ఉంది. నేనే పట్టుకోమన్నాను. మూడే మూడు ముక్కలు కూడా కాని వాక్యం. అది నా నాలుక మీదే ఉంది. పక్కన నాయన దగ్గాడు. ఒక ఆడపిల్ల తానే చెయ్యి పట్టుకోమని అడిగిందంటే ఐరాలలో ఏమనుకుంటారో, ఊళ్ళో ఏమనుకుంటారో నాకు క్షణంలో తెలిసిపోయింది. మాస్టారు నావైపు ఒకసారి చూశారు. కోపంగా కాదు. డాన్సులో ఎదుటివాళ్ళ జవాబు కోసం కాస్త చోటు వదిలి ఆగుతారు, అట్లా ఆగారు. నేను నేలకేసి చూశాను.

"నిజమేనా?" అని ఆయనను అడిగారు.

"నిజమే సార్. పట్టుకున్నా" అన్నారు ఆయన. ఆయన కూడా రెండో వాక్యం చెప్పలేదు. చెబితే నా పెళ్ళి పోతుందని ఆయనకు తెలుసు. నేను సంతకం పెట్టాను.

వారంలోగా అద్దె ఇంటివాళ్ళు ఆయనను గది ఖాళీ చెయ్యమన్నారు. ప్రార్థనకు పోయే చర్చిలో కూడా ఎవరూ పక్కన కూర్చోలేదని తర్వాత విన్నాను. ఒకరోజు బడికి పోతూ బస్టాండులో చూశాను. ఇనప ట్రంకు పెట్టె మీద కూర్చుని, టేప్‌రికార్డరు ఒళ్ళో పెట్టుకుని సత్యవేడు బస్సు కోసం చూస్తున్నారు. నేను రోడ్డుకు ఇవతలివైపు వచ్చి, ఒక లారీ చాటున నడిచి వెళ్ళిపోయాను. వార్షికోత్సవంలో పిల్లలు సినిమా పాటకు ఎగిరారు. నా పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. "గలాటా లేకుండా పాయె" అని నాయన ఊపిరి పీల్చుకున్నాడు.

మా ఆయన మంచి మనిషి. ఆ మంచితనం చూసేకొద్దీ నాకు లోపల కుళ్ళిపోతున్నట్టు ఉండేది. ఆరేళ్ళు ఓర్చుకుని ఒకరోజు అన్నీ చెప్పేశాను. ఆయన అంతా విన్నారు. "మాస్టారి దగ్గరికి ఎప్పుడు పోదాం?" అని మాత్రం అడిగారు. ఇంత సులువైన మాటకు భయపడి ఆరేళ్ళు దాచానా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

సత్యవేడు దగ్గర ఆ పల్లెలో కోలారు డాన్సు మాస్టరు అంటే ఒక ఇల్లు చూపించారు. మా ఆయన రోడ్డు మీద టీ అంగడి దగ్గర ఆగిపోయారు. మాస్టారి చెల్లెలు ఎస్తేరమ్మ వాకిట్లో చెనిక్కాయలు ఒలుచుకుంటోంది. ఇంటి పక్క చేలో పిట్టలు వాలకుండా కట్టెలు పాతి, వాటికి క్యాసెట్ల రీలు కట్టి ఉంది. గాలికి అది సన్నగా రొద పెడుతోంది. అవి ఎవరి క్యాసెట్లో నేను అడగాల్సిన పనిలేకపోయింది.

"అన్న పోయి రెండేండ్లాయ మా. నువ్వెవురు?" అంది.

"చిత్తూరులో ఆయన దగ్గర నేర్చుకున్నానమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అట్లయితే నీకూ తెలిసే ఉంటాది. ఆడ ఎవరో టీచరు పిల్ల చెయ్యి పట్టుకున్నాడంట గదా. నేనే అడిగినా. దేవుని సాక్షిగా చెప్పు అన్నా, పట్టుకున్నావా లేదా అని. పట్టుకున్నా అన్నాడు. ఇంగ ఒక్క మాట పలకలే. నాకేమో ఎదిగిన ఆడబిడ్డలు ఇద్దరుండారు. మా ఇంటాయన లోపలికి రానీలే. అదో, ఆ మోటారు కొట్టంలోనే పండుకునేవాడు. కూడు ఆడికే పంపిస్తా ఉంటిమి."

ఆ కొట్టానికి తలుపు లేదు. మోటారు పక్కన మనిషి కాళ్ళు చాపుకునేంత చోటు కూడా లేదు.

"అమ్మా, ఆ టీచరును నేనే" అన్నాను. "చెయ్యి పట్టుకోమని అడిగింది నేనే. ఆయన వద్దన్నారు. నేనే బలవంతం చేశాను. ఆయన తప్పు ఏమీ లేదు."

ఎస్తేరమ్మ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ మాట చెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందా మా" అంది మెల్లగా. కాసేపటికి మళ్ళీ తనే, "జొరంతో పండుకోనుంటే మా పెద్దబిడ్డ నీళ్ళు తీసుకోని పోయింది. అన్న చెయ్యి చాపినాడంట. ఇది భయపడి గలాసు నేల మీద పెట్టి వచ్చేసింది. మళ్ళా పోయి చూసేసరికి ఆ నీళ్ళు అట్లే ఉండాయి" అంది. ఆ తర్వాత నావైపు చూడలేదు. చెనిక్కాయలు ఒలుచుకుంటూనే ఉంది. నేను లేచి వచ్చేశాను.

ఇప్పుడు నేనూ ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలిని. పిల్లల మీదో, పంతుళ్ళ మీదో ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. ఎదుటి మనిషి అవునన్నా, కాదన్నా నేను వెంటనే రాయను. పెన్ను పక్కన పెట్టి "ఇంకా?" అంటాను. చాలాసార్లు ఇంకేమీ ఉండదు. ఒక్కోసారి ఉంటుంది. మా స్టాఫు దీన్ని నా చాదస్తమని నవ్వుకుంటారని తెలుసు. ఆరోజు ఆ గదిలో నన్నెవరూ "ఇంకా?" అని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నని అనుకుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కాని ఒకరు అడిగారు. నోరు తెరవకుండా, గోడవారగా నిలబడి, తన కొస వదలకుండా పట్టుకుని అడిగారు.