పోశం కాక కడిగిన సీసా

పోశం కాకకు కడిగే పిచ్చి ఉంది. చాయ్ బండి దగ్గర ఇచ్చిన గ్లాసును చాయ్‌వాడి కళ్లముందే మూడుసార్లు కడుగుతాడు. బాబుపేట్‌లో ఒక పెళ్లికి వెళ్లి తన గ్లాసు, పక్కవాడి గ్లాసు, చివరికి పెళ్లికొడుకు మేనమామ గ్లాసు కూడా కడిగాడు. ఆ మేనమామ అప్పటికే అందులో పాయసం పోయించుకుని ఉన్నాడు.

నేను చంద్రపూర్‌లో నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో కెమిస్టును. కాక మాకు పరీక్షకు నీళ్లు పట్టుకొచ్చే మనిషి. మూతపడ్డ బొగ్గుగని పక్కన ఒక బస్తీ ఉంది. ప్రతి బుధవారం అక్కడి ఏడు బావుల్లో నీళ్లెంత లోతున ఉన్నాయో కొలిచి, ఒక్కో సీసా నింపుకొస్తాడు. ఆ గనిలోనే ఇరవై ఆరేళ్లు బొగ్గు తవ్వాడు.

గని నడిచినన్నాళ్లు పంపులు రాత్రింబవళ్లు నీళ్లు తోడేవి. మూసేశాక పంపులు ఆగిపోయాయి. అప్పటినుంచి లోపల నీళ్లు నిండి పైకొస్తున్నాయి, బావుల్లో నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి. కొలిచే టేపు నీళ్లు తగలగానే పీక్‌మంటుంది. ఆ పీక్ వారం వారం కాస్త ముందే వినబడేది.

"నేను బొగ్గు కొట్టిన జాగలన్నీ మునిగినయ్ బిడ్డా. ఇగ మనుషుల మీదికొస్తున్నయ్," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుబులుగా ఉండేది.

బస్తీలో నా భయమంతా రాజక్క గురించే. ఒంటరి ముసలామె, మోకాళ్లు పనిచేయవు. మంచినీళ్ల ట్యాంకరేమో మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది. ఎవరైనా బిందె తెచ్చిస్తే, "ఒకల ముందట చెయ్యి చాప," అని వాకిట్లోంచే పంపించేదని కాక చెప్పేవాడు. ఆమె ఇంటి బావి నీళ్లు తాగరాదని రిపోర్టు రాసింది నేనే. ఆమె అవే తాగుతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు.

మొదటిసారి కాకతో బస్తీకి బయల్దేరినరోజు, మోపెడ్ మీద ల్యాబు ఫిల్టరు నీళ్ల క్యాను కనిపించింది. ఇరవై లీటర్లది.

"ఇదెందుకు కాకా?"

"సీసా కడగనీకి."

"సీసా కడగాల్సింది ఆ బావి నీళ్లతోనే కదా! వేరే నీళ్లు తగిలితే రీడింగు తప్పొస్తది."

"నువ్వు బుక్కులల్ల చదివినవ్ మాధవీ. నేను కడిగిన."

ఆరు బావుల దగ్గర క్యాను మూత తియ్యలేదు. ఏడోది రాజక్క ఇంటి బావి. అక్కడ సీసాలో పావు గ్లాసు పోసి, ఆమెకు కనబడేలా గలగలలాడించి, నడుం పట్టుకున్నాడు.

"అక్కా, గీ మిగిలిన నీళ్ల బరువుతోని మోపెడ్ రోడ్డు కట్ట ఎక్కదు. పారబోద్దునా?"

"మంచినీళ్లు పారబోస్తవా? అక్కల్ ఉందా నీకు? సీసా గింతంత, నీళ్లు గన్ని! ప్రతి వారం నీ బరువు నేనే దించాల్నా? తే, ఇట్ల కుండల పొయ్యి!"

క్యాను ఖాళీ అయ్యేదాకా తిట్టింది. ఆమె లోపలికి వెళ్లగానే కాక సీసాలో నీళ్లు పారబోసి, బావిలోంచి చేది, ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపాడు. నేను చదివిన పద్ధతి ఇసుమంతైనా తప్పలేదు.

"మరి పెండ్లిళ్లల్ల గ్లాసులు ఎందుకు కడుగుతవ్ కాకా?"

"ఒక్క ఈడనే కడిగితే అక్క నమ్మదు కదా బిడ్డా. బస్తీ మొత్తం నాకు పిచ్చి అనాలె."

తలొంచుకుని సీసాకు లేబుల్ అంటించాను.

తర్వాత నెల మా పై అధికారి మధుకర్ సాహెబ్ తనిఖీకొచ్చాడు. రాజక్క వాకిట్లోనే రిజిస్టరు తెరిచి, "హే కాయ్? ఏమిటిది? సీసా కడగడానికి ఇరవై లీటర్లా?" అన్నాడు. రాజక్క గడపలో నిలబడి వింటోంది. నిజం చెబితే ఆమె కుండ ఆరోజే బోర్లిస్తుంది.

"ఈ నీళ్లలో ఇనుము ఎక్కువ సార్. సీసాకు అంటుకుంటుంది," అన్నాను. చదువుకున్న చదువంతా సిగ్గుపడే అబద్ధం.

సాహెబ్ కళ్లజోడు సర్దుకున్నాడు. "అయితే మిగతా ఆరు బావుల దగ్గర కడగట్లేదేం? నిర్లక్ష్యం! వచ్చే వారం నుంచి ఏడింటికీ ఏడు క్యాన్లు. టెంపో పెట్టండి!"

బుధవారం టెంపో వచ్చింది. మిగతా ఆరు బావుల దగ్గరివాళ్లు సంతోషంగా బిందెలు నింపుకున్నారు. రాజక్క మాత్రం కుండ మీద మూత తియ్యలేదు.

"టెంపోకు బరువేంది? గది కట్ట ఎక్కలేదా? ఊకెనే వచ్చిన నీళ్లు నాకొద్దు. వాపస్ తీస్కపోన్రి!"

డ్రైవరు బిక్కమొహం వేశాడు. కాక వెళ్లి ఆ క్యానును దించి, భుజాన పెట్టుకుని మోపెడ్ దాకా మోసి, ముందర పెట్టుకున్నాడు. బస్తీ అంతా ఒక చుట్టు తిరిగొచ్చి, క్యాను మళ్లీ భుజానికెత్తుకుని, రొప్పుకుంటూ ఆమె వాకిట్లోకే వచ్చి ఆగాడు.

ఆ వారం బావిలో నీళ్లు ఇంకో రెండు వేళ్లు పైకొచ్చాయి. రాజక్క ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"గీ వయసుల గంత బరువు మోస్తవా? సస్తవ్! దించు, ఇట్ల పొయ్యి," అని కుండ మూత తీసింది.