చెరిసగం మత్తు మాత్ర

డెబ్భైల చివర్లో విశాఖ పోర్టులో కళాసీగా పనిచేసేవాణ్ణి. పన్ను పీకాలనేసరికి వణుకు పట్టుకుంది. భయం తగ్గడానికి గంట ముందు వేసుకోమని డాక్టరు మత్తు మాత్ర ఇచ్చాడు. నైట్ డ్యూటీ దిగి తోడొచ్చిన మా బావకీ నాకూ టీ అయినా, బీడీ అయినా చెరిసగమే. అలవాటుకొద్దీ మాత్రనూ విరిచాను.

"రగతం సూత్తే నాకూ కళ్లు తిరుగుతాయి బావా, ఇలాగియ్యి" అని సగం మింగేశాడు.

ఆస్పత్రిలో నా దడ తగ్గలేదు. బావ మాత్రం నోరు తెరిచి గురక పెట్టాడు. "మందు బాగా పట్టింది" అంటూ కాంపౌండరు అతన్ని తీసుకెళ్లి కుర్చీలో కూలేశాడు. డాక్టరు అటు తిరిగి సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు.

"ఆడు కాదు బాబూ, నాను!" అని అరుస్తూ వెళ్లి, బావను లాగేసి నేనే కూర్చున్నాను. వణుకు ఎప్పుడు పోయిందో తెలీదు.

నా పన్ను ఊడాక బావ కళ్లు తెరిచి, తన దవడ తడుముకున్నాడు.

"నొప్పే తెల్లేదు బావా!"