తడి లేని సీసా

దశరథకు తడి అంటే గిట్టదు. నాగోల్ దగ్గర ఒక ల్యాబులో పదహారేళ్లు సీసాలు కడిగాడు. కడిగినదాన్ని ఓవెన్‌లో ఆరబెట్టి, వెలుతురుకెత్తి చూసి, మసక కనిపిస్తే మళ్లీ మొదటికి వచ్చేవాడు. కాంట్రాక్టు మనిషికి ఇంత చాదస్తమా అని నవ్వినవాళ్లు ఆ సీసాలతోనే డాక్టరేట్లు కొట్టారు.

అక్కడ తన్మయి అనే విద్యార్థిని సీసియం, సీసం, బ్రోమిన్ కలిపి ఒక తెల్లటి పొడి చేసేది. యూవీ లైటు కింద పెడితే ఆకుపచ్చగా వెలిగేది. ఆ వెలుగు పొడిదేనా, లోపల నక్కిన ఇంకోదానిదా అని పెద్దల మధ్య తగువు. పొడిదేనని ప్రొఫెసర్ ఉపేంద్ర అప్పటికే పేపర్ అచ్చేసుకున్నాడు.

మామూలుగా విద్యార్థులు హడావిడిలో దశరథ కోసం ఆగకుండా తామే సీసాలు పైపైన కడిగి తడిమీదే వాడేసేవారు. ఆ ఎండాకాలం వాళ్లలో చాలామంది సెలవులకు పోవడంతో కడిగే పనంతా దశరథ మీద పడింది. ఆ నెల తన్మయి చేసిన పొడి ఒక్కటీ వెలగలేదు.

"సీసాలో ఏం కలిపావ్?" అన్నాడు ప్రొఫెసర్, అందరి ముందూ.

"ఏం కలుపలే సార్. కడిగిన, ఎండబెట్టిన. గంతే."

నిర్లక్ష్యం అని కాగితం రాసి పంపేశారు. అతన్ని పనికి పెట్టిన ఏజెన్సీ ఫైల్లో ఆ కాగితం ఉండగా ఇంకే ల్యాబూ గడప తొక్కనివ్వలేదు. చివరికి చైతన్యపురిలో ఒక హాస్టల్‌లో కంచాలు కడిగే పనిలో కుదిరాడు. ఒక్కో కంచాన్నీ గుడ్డతో తుడుస్తుంటే "ఇస్త్రీ చేస్తున్నవా ఏంది?" అని వంటామె ఎకసెక్కం.

పదకొండు నెలలకు తన్మయి వెతుక్కుంటూ వచ్చింది.

"మీ తప్పేం లేదండీ. నీరు తగిలితే పొడిలో కొంత భాగం మారిపోయి, కంటికి కనపడనంత చిన్న గింజలు పుడుతున్నాయి. వెలుగంతా వాటిదే. మీ సీసాలు ఎండిపోయి ఉన్నాయి కాబట్టే వెలగలేదు. అసలైన శుద్ధమైన పొడి మీ సీసాల్లోదే."

దశరథ గుండె పొంగింది. తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అయితే గా కాయితం తీసేస్తరా మేడం?"

తన్మయి తల దించుకుంది. "కొత్త పేపర్ సార్ పేరుతో వస్తోంది. పాత సంగతి ఇప్పుడెందుకన్నారు. నా థీసిస్ మీద ఆయన సంతకం కావాలండీ. అందులో కృతజ్ఞతల్లో మీ పేరు రాస్తాను."

తప్పు చేసినవాడికి ఇంకో పేపర్. చేయనివాడికి కృతజ్ఞతలు. చెబుతుంటే నాకే ఒళ్లు మండుతోంది. దశరథకు మాత్రం కోపం కూడా రాలేదు.

"రాయుండ్రి," అన్నాడు.

ఆమె వెళ్లాక తొట్టి దగ్గర కూర్చున్నాడు. కంచాలన్నీ కడిగాడు. గుడ్డ భుజం మీదే ఉంది. ఒక్కటీ తుడవకుండా తడివి తడిగానే దొంతర పెట్టేశాడు.