డబ్బా అడుగున మిగిలిన ముక్కలు

ఆ రోజుల్లో నాకు తెలియని జబ్బు లేదు. ఇప్పుడు ఏ స్లైడు చూసినా మూడుసార్లు అనుమానం వస్తుంది గానీ, పెథాలజీ చదువు ముగించుకుని మార్కాపురం ల్యాబులో కొత్తగా కుర్చీ ఎక్కినప్పుడు నా అంత నమ్మకంగా సంతకం చేసేవాడు జిల్లాలోనే లేడు. డిగ్రీలన్నీ పట్టేంత పొడుగు రబ్బరు స్టాంపు చేయించుకున్నాను (కాగితం చాలక చివరి డిగ్రీ ఎప్పుడూ బల్ల మీద పడేది). మైక్రోస్కోపులో కళ్లు పెట్టి రెండు నిమిషాల్లో తేల్చేయడమే గొప్ప అనుకునేవాణ్ణి. ఆ రెండు నిమిషాల్లోనూ అక్క నన్ను చూస్తోందో లేదో ఓరకంట గమనించేవాణ్ణి. అక్కంటే మా ల్యాబు టెక్నీషియన్, నాకంటే పదేళ్లు పెద్ద.

ఒకసారి మూత్రంలో రక్తం పడుతున్న ఒక తాతకు ఆసుపత్రిలో మూత్రాశయం లోపలి గడ్డను గీకి, ఆ ముక్కలను డబ్బాలో వేసి మాకు పంపారు. అన్నీ పరీక్షకు పెడదామా అని అక్క అడిగింది. పైన పుష్టిగా కనిపించిన నాలుగు చాలన్నాను. చూశాను, క్యాన్సరే, అందరికీ వచ్చే మామూలు రకం. అదే రాసి ముద్ర కొట్టాను. ఫోనులో ఆ మాట విన్న ఆసుపత్రివాళ్లు మూత్రాశయం తీసేయడానికి రోజు కూడా పెట్టేశారు.

కాగితం కోసం తాతే వచ్చాడు. గనుల దగ్గర పలకలు ఏరే మనిషి. వేలితో తట్టి, చప్పుడు విని, పగులున్నదాన్ని పక్కన పెట్టడం ఆయన పని. నేను చదివిందంతా విని, డబ్బా చూపించమన్నాడు. సగానికి పైగా ముక్కలు అడుగున అలాగే ఉన్నాయి.

"ఇవి చూడలేదేంది నాయనా?"

అన్నీ ఒకే గడ్డలోవని, నాలుగు చూస్తే చాలని ఓపిగ్గా (అంటే గట్టిగా) చెప్పాను.

"ఒక పలక మోగిందని బండెడు మోగినట్టేనా? మేము ఒక్కోటి తట్టి చూసినాకనే కట్ట కడతాం."

నాకు పాఠం చెప్పొచ్చాడని ఒళ్లు మండింది. ఆయనదే తప్పని చూపించడానికి మిగతావన్నీ పెట్టమన్నాను (ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే). రెండు రోజుల తర్వాత చివరి స్లైడు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఒకదాన్నొకటి నొక్కుకున్న చిన్న చిన్న నల్లటి కణాలు. పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని రకం, తొందరగా పాకే రకం. దీనికి ముందు మందులు ఎక్కించాలి, కోత ఆ తర్వాతే. నా కాగితం నమ్మి తాత నేరుగా కోతకు పోతున్నాడు. వెంటనే ఆసుపత్రికి ఫోను చేసి ఆపరేషన్ ఆపించి, స్లైడ్లు నాకు పెథాలజీ నేర్పిన మేడంకు పంపాను. ఆమె వేరే రంగులు వేసి చూసి, ఇప్పుడు రాసింది సరే, మరి మొదట రాసిందేమిటి అని అడిగింది.

కొనకనమిట్ల దగ్గర వాళ్ల ఊరికి బండి మీద పోయి, తప్పు నాదని తాతతో చెప్పాను. చాలా భయమేసింది. ఆయన అరుగు మీద పక్కకు జరిగాడు.

"కట్ట విప్పి మళ్లా చూసినావు గదా. చాల్లే, కూచో."

మందులు పనిచేశాయి. తాత ఇంకా ఆరేళ్లున్నాడు. పరీక్షకు వచ్చినప్పుడల్లా కాగితం కంటే ముందు డబ్బా అడిగేవాడు. ఆయన పోయాక కూడా నేను డబ్బా అడుగు చూడకుండా సంతకం చేయలేదు. ఖాళీ అయ్యాక వేలితో ఒకసారి తడతాను కూడా. అక్క నవ్వుతుంది. ఆ పొడుగు స్టాంపు కుర్రాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను.