అక్కకు లేని గండం

ఎన్నో ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో నాకు పేరు. అలాంటి నా నోట్లో ఈ ఒక్క మాట ఇన్నేళ్ళు ఎలా నానిందో నాకే ఆశ్చర్యం. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నావా అంటే, గుళ్ళో నిలబడినప్పుడు కూడా సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకుని పిల్లల ఆరోగ్యం సంగతి ఎత్తుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మొత్తం చెబుతాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

ఇదేదో ఏడుపు కథ అనుకోకండి. ఇందులో ఉన్నంత సంతోషం మా ఇంట్లో ఇంకే సంగతిలోనూ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అంత సంతోషం మధ్యలో కూర్చుని నేనా పని ఎలా చేశాను?

మాది గుంటూరు. బ్రాడీపేటలో ఒకటే ఇల్లు. కింద మేము, పైన మా బావగారూ అక్కా. అక్కంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరిదీ కలిపి మిర్చి వ్యాపారం. అక్క పుట్టింది దర్శి అవతల, ట్యాంకరు వస్తే తప్ప బిందె నిండని ఊళ్ళో. అందుకేనేమో ఆవిడకు నీళ్ళంటే పిచ్చి. దారిలో కాలవ కనిపిస్తే కారు ఆపించేది. వాన మొదలైతే అందరూ ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కితే, ఆవిడ తడవడానికి ఎక్కేది.

ఒకసారి విత్తనాల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరులో ఒక బొమ్మ చూసింది. నీలం సముద్రం, తెల్లటి తెరచాప పడవ, వెనక కొండమీద తెల్లటి ఇళ్ళు. క్యాలెండరు తీసుకుని కిందికి వచ్చింది. "ఏమే, నువ్వు కంప్యూటరు చూస్తావుగా. ఇదెక్కడుందో చూసి చెప్పవే" అంది.

అది గ్రీసు అని నేనే కనిపెట్టాను. ఆ దీవుల మధ్య తిరగడానికి పడవను వారానికి అద్దెకిస్తారని, దాన్ని నడిపే మనిషినీ వాళ్ళే ఇస్తారని, రాత్రి పడుకోవడమూ వంటా అన్నీ అందులోనేనని కూడా నేనే కనిపెట్టాను. ఇక చూడండి మా ఇంట్లో సందడి! మా ఆయన స్నేహితులు రెండు జంటలు మేమూ వస్తామన్నారు. పడవలో నాలుగు గదులు. మేము నాలుగు జంటలం. కుదిరిపోయింది.

ఎప్పుడు వెళ్ళాలనేది మొదటి తగువు. మిర్చి వచ్చే రోజుల్లో వీళ్ళు యార్డు వదిలి కదలరు. జూలై, ఆగస్టుల్లో అక్కడ ఉత్తరపు గాలి జోరని నేను చదివాను. చివరికి యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజులే సరిపోయాయి. ఆ తర్వాత సామాను తగువు. పడవలో గట్టి పెట్టెలు పెట్టుకోవడానికి చోటుండదట, మడతపడే సంచులే తేవాలట. "మిరపకాయల టిక్కీలున్నాయిగా, ఆ గోతాల్లోనే సర్దుకుందాం" అన్నారు మా బావగారు. ఆవకాయ ఎవరు తేవాలి, కందిపొడి ఎంత, రైస్ కుక్కరు పడవలో పనిచేస్తుందా? ఇంతకు ముందు మీలో ఎవరైనా పడవ నడిపారా అని ఏజెంటు ఫోనులో అడిగితే, మా ఆయన గర్వంగా బ్యారేజీ దగ్గర బోటెక్కిన సంగతి చెప్పారు. అవతల ఆ అమ్మాయి వెంటనే, నడిపే మనిషిని తప్పకుండా మేమే పంపుతామండీ అంది.

నేను పగలంతా మ్యాపు ముందే. కీయా, కిథ్నోస్, సిరోస్. పేర్లు నోరు తిరిగేదాకా వల్లె వేశాను. ఎక్కడ ఆగాలి, ఎక్కడ మంచినీళ్ళు నింపుకోవాలి, ఎక్కడ ఈతకు దిగొచ్చు, అన్నీ నాకు తెలుసు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ఇంట్లో నాకు మాత్రమే తెలిసిన విషయం ఒకటుంది. ఆ సంగతి మీకు అర్థం కావాలి. అర్థమైతే నన్ను క్షమిస్తారని కాదు. అర్థం కావాలి, అంతే.

ఒక సాయంత్రం అక్క మేడమీద ముగ్గుపిండితో పడవ గీసింది. నా దగ్గర కొలతలు అడిగి తీసుకుని, నిజం పడవ ఎంతుంటుందో అంత గీసింది. నాలుగు గదులు, వంటగది, చుక్కాని చక్రం. స్నేహితులందరినీ పిలిచింది. ఎవరి గదిలో వాళ్ళు చాపలేసుకుని పడుకుని చూడాలని ఆజ్ఞ. బావగారు పడుకుంటే కాళ్ళు గీత దాటి బయటికొచ్చాయి. "సముద్రంలో పడ్డావన్నయ్యోయ్!" అని మా ఆయన ఒకటే అరుపు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. వీసాలే రాలేదు, అప్పుడే పడవెక్కేశారు" అని బావగారు పడుకునే వెక్కిరించారు. పడవలో మంచినీళ్ళు పొదుపుగా వాడాలని నేను చెప్పబోతే, అక్క అందుకుని, ఒక్క చెంబుతో తలస్నానం ఎలా చెయ్యాలో చేసి చూపించింది. మా ఊరి చదువు ఇదేనంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారందరూ. నేనూ నవ్వాను.

ఆ నవ్వుల మధ్యలో ఎవరో అన్నారు, "కెప్టెన్ గారూ, తర్వాత ఏ దీవి?" అని. నన్ను కాదు. అక్కను. అక్కకు దీవుల పేర్లు కూడా తెలియవు. నోటికొచ్చిందేదో చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే ఎవరో నన్ను చూసి, ఇంకో వాయి బజ్జీలు తెస్తావా అన్నారు.

అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు. ఇంత చిన్న విషయానికా అని మీరంటారు. నేనూ అనుకుంటాను. బజ్జీలు వేయిస్తూ అనుకున్నాను, ఈ మనిషి ఆ పడవలో ఉంటే నేను ఉన్నా లేనట్టేనని. ఆ ఆలోచన రావడం తప్పా? కాకపోవచ్చు. మరి మర్నాడు పొద్దున పైకి వెళ్ళడం? మెట్లు ఎక్కుతున్నప్పుడు కూడా నేను ఏం చెప్పబోతున్నానో నాకు తెలుసు. నోరు జారింది అని చెప్పుకోవడానికి లేదు.

మా బాబాయి తెనాలి దగ్గర ఊళ్ళో స్కూలు మాస్టారు. జాతకాలు చూసేవారు. మా వైపు వాళ్ళు శంకుస్థాపన చేసినా, బోరు వేసినా ఆయన మాట లేకుండా చేసేవారు కాదు. అక్కకు ఆయనంటే గురి. నేను పైకి వెళ్ళేసరికి అక్క కూర గిన్నె దించుతోంది.

"అక్కా, ప్రయాణం కదా అని నీ నక్షత్రం చెప్పి మా బాబాయిని అడిగాను."

"ఏమన్నారే?"

"నీటి గండం ఉందన్నారు."

ముందు నవ్వింది. "నాకా? నీళ్ళే లేని ఊళ్ళో పుట్టినదానికి నీటి గండమేంటే!" తర్వాత నా మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది. "శాంతి చేయించుకుంటే పోదా?"

"నీళ్ళ జోలికి పోకుండా ఉండటమే మంచిదన్నారు."

"ఎప్పటిదాకా?"

ఇక్కడ ఆగి చెప్పాలి. గండమంటే గడువు ఉంటుంది. మనలో ఎవరి జాతకంలో గండం చెప్పినా, ఫలానా వయసు దాటితే ఫరవాలేదని కూడా చెబుతారు. అబద్ధమంతా అల్లుకుని వెళ్ళిన నేను, దానికి గడువు పెట్టాలన్న సంగతే ఆలోచించలేదు. "అది చెప్పలేదక్కా" అన్నాను. ఈ వేసవి దాటితే చాలన్నారని ఒక్క ముక్క అని ఉంటే, నా తప్పు ఒక ప్రయాణంతో పోయేది.

అక్క గిన్నె మీద మూత పెట్టింది. "పోన్లే. మీరెళ్ళి రండి. మీ బావగారికి మాత్రం చెప్పకే, భయపడతారు. నాకే ఇష్టం లేదని చెప్తాలే" అంది. అలాగే చెప్పింది. ఇన్ని రోజులు గంతులేసి ఇప్పుడిదేం తిక్కని బావగారు కసురుకున్నారు, ఊరంతా ఒక దారి ఉలిపికట్టెదొక దారని ఇంటికొచ్చినవాళ్ళంతా అన్నారు. ఆవిడ మాటలు పడింది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆవిడ లేకుండా బావగారు కదల్లేదు. నాలుగో గదిలోకి మా చెల్లీ వాళ్ళాయనా వచ్చారు. చెల్లి కోసమే చేశానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే.

వెళ్ళాం. మీకు దాచడమెందుకు, ఆ వారమంతా నేను సంతోషంగా ఉన్నాను. మొదటిసారి ఇంజను ఆపి తెరచాప ఎత్తినప్పుడు, పడవ ఒక పక్కకు ఒరిగి సాగుతుంటే, మా ఆయన "గోవిందా!" అని కేక పెట్టారు. నీళ్ళ అడుగున గులకరాళ్ళు కనిపించేవి. ఒక దీవిలో ముసలావిడకు ఆవకాయ రుచి చూపిస్తే చెమటలు కారుతున్నా ఇంకాస్త పెట్టమంది. అందరూ ఏ దీవి అని నన్నే అడిగారు. నన్నే. నాకు అక్క గుర్తొచ్చిందా? వచ్చింది. అయినా నవ్వాను, తిన్నాను, నిద్రపోయాను.

తిరిగొచ్చాక అక్క ఫోటోలన్నీ చూసింది. ఒక్కటే అడిగింది, ఆ నీళ్ళు అంత నీలంగా నిజంగానే ఉంటాయా అని.

మరుసటి ఏడు బాబాయి పోయారు. అక్క నన్ను పక్కకు పిలిచి, పోయే ముందు ఆయన తన గండం సంగతేమైనా అన్నారా అని అడిగింది. అప్పుడైనా గడువు పెట్టవచ్చు. పెట్టలేదు. పోయినాయన పేరు మీద ఇంకో అబద్ధమా అని జంకాను. ఎంత గొప్ప నీతి చూశారా నాది! అడగడానికి ఇక మనిషి లేడు. ఇంకొకరిని అడిగితే బావగారికి తెలుస్తుందని ఆవిడ అడగలేదు. పుష్కరాలకు వెళ్ళి, మెట్లమీద నిలబడి నెత్తిన చుక్కలు చల్లుకుని వచ్చేసింది. సూర్యలంక వెళ్ళినా ఇసక దాటేది కాదు. వాన పడితే మేడెక్కడం కూడా మానేసింది. అది గమనించిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఈ మధ్య అందరం సింగరాయకొండ వెళ్ళి దర్శనం చేసుకుని, అక్కణ్ణించి పాకల బీచికి వెళ్ళాం. అక్క ఎప్పటిలాగే మా చెప్పులూ సంచులూ పెట్టుకుని కారులో కూర్చుంది. నేను తువ్వాలు కోసం వెనక్కి వచ్చాను. నా తడి కాళ్ళ వైపు చూసింది. "చల్లగా ఉన్నాయా?" అని అడిగింది. ఆశగా అడిగింది. అరవైకి దగ్గరపడిన మనిషి.

చెప్పేశాను. నీకు ఏ గండమూ లేదక్కా, బాబాయిని నేను అడగనే లేదు, నేనే కల్పించాను, నువ్వుంటే అందరూ నీ వైపే చూస్తారని. ఇంతే అన్నాను. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ రాలేదు. మిగతాదంతా ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. అక్క ఒళ్ళో ఉన్న సంచులన్నీ పక్కసీటులో పెట్టింది. తలుపు తీసుకుని దిగింది. ఆ ఎండకు కాలే ఇసకలో, చెప్పుల్లేకుండా, నన్ను దాటుకుని నడిచింది. నడక పరుగైంది. పట్టుచీరతోనే నడుందాకా దిగిపోయింది. "ఒరేయ్, మీ వదినకేమైందిరా!" అని బావగారు పరుగెత్తారు. ఆయన్నీ చెయ్యి పట్టుకుని లాగేసింది. అల వచ్చి ఇద్దర్నీ పడేసింది. లేచి, మొహం మీద జుట్టు తోసుకుని, అక్క అరిచిన అరుపు కారు దగ్గరికి వినిపించింది. చిన్నపిల్లలు అరుస్తారు చూడండి, అలాగ. సిగ్గుతో నేను చచ్చిపోవాలి కదా? నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను.

ఎవరికీ చెప్పలేదు ఆవిడ. నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు. ఏ మొహంతో అడుగుతాను? అయితే ఆ రోజు నుంచి నన్ను "ఏమే" అనడం లేదు. "మీరు" అంటోంది. ఇంట్లో వాళ్ళకు తమాషాగా ఉంది. నాకు తెలుసు అదేమిటో.

ఈ వేసవి సెలవులకు పడవ మాట్లాడుతోంది అక్క. తనే ఏజెంటుతో ఫోనులో కొట్లాడుతోంది, రోజూ పొద్దున్నే ఈతకు వెళ్ళి తడి జుట్టుతో వస్తోంది. నాలుగు గదుల్లో ఎవరెవరో ఇంకా చెప్పలేదు. నిన్న కిందికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "మొదట ఏ దీవికి వెళ్తే బాగుంటుందండీ?" అంది. చెప్పాను. ఎక్కడ నీళ్ళు అడుగుదాకా కనిపిస్తాయో, ఎక్కడ భయం లేకుండా దిగొచ్చో, ఎక్కడ నేను దిగి గట్టు ఎక్కబుద్ధి కాక ఉండిపోయానో అన్నీ చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోతోంది. నా వైపు చూడటం లేదు. ఆవిడ అడిగినకొద్దీ చెప్పాను. అన్నీ నిజాలే చెప్పాను.