అట్ట తలుపు, మా ఇంటి స్కూటరు

మొన్న క్రిస్మస్‌కు ఎల్బీనగర్‌లోని మా చర్చి పిల్లలు నాటకం వేశారు. యోసేపు వచ్చి సత్రం తలుపు కొడితే, సత్రంవాడి వేషంలో, అంటించిన మీసాలతో మా మనవరాలు జాగా లేదు పొమ్మని తలుపు మూసింది. నా కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. అంత మెత్తని మనసని నాకు తెలియదు.

నేను చదివింది మూడో తరగతి. బైబిలు మాత్రం వేలు పెట్టి నిదానంగా చదువుతాను. తలుపు మూసినవాడు నాకు అందులో ఎక్కడా కనబడలేదు. యోసేపు పోయింది తన తాతల ఊరికి. నిండు చూలాలితో సొంతూరికి వచ్చినవాణ్ణి వీధిలో నిలబెడితే ఆ వంశం మర్నాడు బావి దగ్గర తలెత్తగలదా? చుట్టాల గది ముందే నిండి ఉంటుంది. ఇంటివాళ్ళు తాముండే చోటే వాళ్ళకింత జాగా సర్ది ఉంటారు. నల్లగొండ దగ్గర మా పుట్టింట్లోనూ అంతే. ఒకటే కప్పు, మేం అరుగు మీద, గేదెలు రెండు మెట్లు కింద. మా తమ్ముణ్ణి చలికాలంలో గడ్డి పరిచిన మేత తొట్టిలోనే పడుకోబెట్టారు. దానికెవరూ నాటకం వెయ్యలేదు.

ఈ మాటే చర్చి పంతులమ్మతో అన్నాను. అట్ట తలుపు చేయించి ఏళ్ళయిందట. తలుపుందిగనక మూసేవాడు ఉండాల్సిందే.

నాటకం మర్నాడు ఊరి నుంచి నా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. దానికి నెలలు నిండాయి. డాక్టరమ్మ దవాఖానకు దగ్గర్లో ఉండమన్నదట, రావచ్చా పెద్దమ్మా అని భయపడుతూ అడిగింది. మావి రెండు పడకగదులు. ఒకటి కొడుకూ కోడలిది, రెండోది పండక్కి గుంటూరు నుంచి దిగిన వియ్యాలవారిది. నేనూ మనవరాలూ వంటింట్లో. ముందు గదిలో కొడుకు స్కూటరు, మంచుకు తుప్పు పడుతుందని దుప్పటి కప్పుకుని. ఊళ్ళో గేదెలుండే చోట ఇక్కడ బండి ఉంటుంది. గేదె వెచ్చదనమైనా ఇచ్చేది.

"జాగా ఏడుందమ్మా? దిల్‌సుఖ్‌నగర్ల మంచి లాడ్జి చూస్త," అన్నాడు ముందురోజు నాటకం చూసి ఏడ్చిన నా కొడుకు.

"పోనీ మేమే వెళ్ళిపోతాం లెండి వదినగారూ," అన్నది వియ్యపురాలు, కుర్చీలోంచి కదలకుండా.

చుట్టాల గది చుట్టాలదేనని ఆమెకు చెప్పి కొడుకు వైపు తిరిగాను.

"ఆ మీసాలు నీ బిడ్డ కాడనే ఉన్నయి. తెచ్చియ్యమంటవా?"

కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. వాడు స్కూటరు బయటికి తోశాడు. నేను ఆ జాగా కడిగి మంచం వేశాను. కొత్తది కొనడమెందుకని స్కూటరు దుప్పటే ఉతికి ఎండేశాను. సాయంత్రానికి పిల్ల వచ్చి, మంచం మీద పరిచిన ఆ దుప్పటిపై ఒరిగి, అమ్మయ్య అన్నది.

బండి ఇప్పుడు గేటుకు గొలుసుతో ఉంది. మావాడు రోజూ పొద్దున్నే దాని మీది మంచు తుడుస్తాడు, నాటకంలో కళ్ళు తుడుచుకున్నంత శ్రద్ధగా.