ఆదిలాబాద్ జొన్నరొట్టె కోసం కొట్లాట

నోటి కాన్సర్, బాపు దవడ సగం తీసేయాలని డాక్టర్ చెప్పిన రోజు, ఇంటికి రాగానే ఆయన, అవ్వ పెట్టిన జావ గిన్నెను గోడకేసి కొట్టాడు. మాకది కొత్త కాదు. కూర నచ్చకపోతే పళ్లెం గోడకు తగలడం నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. అవ్వ, అంటే మా అమ్మ, ఎప్పటిలాగే గోడ తుడిచి, ఇంకో గిన్నెలో జావ పోసుకొచ్చింది.

బాపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలో బీడీ వెలిగిస్తే గ్యాస్ అంటుకుంటుందని దిగే ముందు జేబులు తడిమేవారు. అందుకని ఆయన, ఆయన జోడీదారులు తంబాకులో సున్నం నలిపి దవడకు పెట్టుకునేవారు. పొగ తాగేవాళ్లకే కాన్సర్ వస్తుందనీ, తను బీడీ ముట్టని మనిషిననీ ఆయన ధీమా. ఆ ధీమాతోనే ఒక జీవితకాలం తంబాకు నమిలాడు.

"ఆపరేషన్ అయినంక ఎట్లాగు ముక్కుల పైపుతోనే తాగాలె. గప్పటిదాంక నోటితోని తింట. నన్ను పేరువోయిన హోటళ్లకు తోల్కపో" అన్నాడు. నోట్లో రెండు వేళ్లు పట్టేంత సందు కూడా లేదప్పటికే. ఆయనకు అసలు కావలసింది ఆదిలాబాద్‌లోని ఒక్క హోటలు. వయసులో ఉండగా జోడీదారులతో లారీ ఎక్కి పోయి అక్కడ జొన్నరొట్టె, మటన్, పచ్చిమిర్చి నూరిన ఠేచా తిన్నాడట. ఇంట్లో ఏ పండగకు మటన్ వండినా దానితో పోల్చి అవ్వను తిట్టేవాడు. చచ్చేలోగా అది ఇంకోసారి తినాలని పట్టు.

చలికాలం. నా కారులో ముగ్గురం బయల్దేరాం. మొదట కరీంనగర్, మానేరు డ్యాం దగ్గర చేపల పులుసు. వడ్డించే పిల్లగాడు "తాతా, ముల్లు జూసుకొని తిను" అన్నందుకు బాపు నీళ్ల గ్లాసు వాడి మీదికి విసిరాడు. మర్నాడు మంథనిలో ఒక మెస్సు, ఇస్తరాకులో మెత్తటి పప్పన్నం. అది సాఫీగానే దిగుతుండేది గానీ, గదవ మీదికి కారుతున్న చారు చూసి ఎదురుగా కూర్చున్నాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈసారి కాలర్ పట్టుకున్నది నేను. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? మనిషి బతుకు చివరికి వచ్చి పప్పన్నం తింటుంటే అసహ్యపడేవాణ్ణి ఇప్పటికీ నేను క్షమించలేను.

ఆదిలాబాద్ చేరేసరికి పొద్దెక్కింది, అయినా ఇగం వదలలేదు. అవ్వ బాపుకు దుప్పటి కప్పి కారులోనే కూర్చోబెట్టింది. ఆదివారం కావడంతో హోటలు కిటకిటలాడుతోంది. తినేవాళ్ల కుర్చీల వెనకాల జనం కాపలా కాస్తున్నారు. ఒక కుటుంబం లేవగానే నేను ఒక కుర్చీ మీద నా దస్తీ, పక్క కుర్చీ మీద బాపు తువ్వాల వేసి ఆయన్ను తీసుకురావడానికి పోయాను. బస్సు కిటికీలోంచి దస్తీ వేస్తే ఆ సీటు మనది. మా దిక్కు ఇది కోర్టు తీర్పు కన్నా గట్టి మాట.

బాపును నడిపించుకొని వచ్చేసరికి ఆ కుర్చీల్లో ఒక లావుపాటి మనిషి, అతని తమ్ముడు కూర్చొని ఉన్నారు. బాపు తువ్వాల చేతులు కడిగే నీళ్లలో పడి ఉంది.

"దస్తీ వేసినం గదా, లే" అన్నాను.

"ఇది బస్సు గాదు భావూ. కూసున్నోడిదే కుర్చీ" అన్నాడతను మరాఠీ యాసలో, రొట్టె తుంచుతూనే.

అతని మాటలో న్యాయం లేకపోలేదు. జర ముసలాయన, జాగ ఇయ్యరాదూ అంటే లేచేవాడేమో. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే వంశం మాది. చెంప మీద ఒక్కటిచ్చాను. అతను లేచి నా గొంతు పట్టి గోడకు అదిమాడు. బల్ల ఒరిగింది, వేడి కూర నా కాళ్ల మీద పడింది. ఊపిరాడక కళ్లు బైర్లు కమ్ముతుండగా అతను బొబ్బ పెట్టి వదిలేశాడు. బాపు అతని ముంజేతిని కరచి పట్టుకొని ఉన్నాడు. చెంచా దూర్చడానికి బతిమాలించుకునే నోరు, అంత చెయ్యి పట్టేంత ఎట్లా తెరుచుకుందో ఆ దేవుడికే తెలియాలి. విడిపించబోయిన తమ్ముడి మోచెయ్యి సరిగ్గా ఆ దవడ మీదే పడింది. బాపు కూలబడ్డాడు. హోటల్ యజమాని, పనివాళ్లు మా ఇద్దరినీ రెక్కలు పట్టి రోడ్డు మీదికి నెట్టారు.

అవ్వ గల్లా దగ్గరికి నడిచింది. "ఆయన దవడ తీసేస్తరు బిడ్డా. ఒక రొట్టె, జర కూర కట్టియ్యి" అనడం నాకు బయటికి వినిపించింది. యజమాని కట్టించాడు.

కారులో అవ్వ రొట్టెను మటన్ చారులో నానబెట్టి, నలిపి, వేలితో కొంచెం కొంచెం బాపు నోట్లోకి తోసింది. ఆయన కళ్లు మూసుకొని చాలాసేపు నాలుక మీదే ఉంచుకున్నాడు. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను.

"ఉప్పెక్కువైంది" అన్నాడు. ఇంకో ముద్ద మింగి, "థూ, గిదేం కూర. గింత దూరం వచ్చింది గీ ఉప్పు తినెతందుకా?"

నాకు తల తిరిగిపోయింది. మనిషిని గెంటింది చాలక చెడిపోయిన కూర కట్టిస్తారా? కారు తలుపు తీసి దిగబోయాను. అవ్వ వెనక నుంచి నా అంగీ పట్టుకుంది.

"కూసో. కూర మంచిగనే ఉన్నది" అంది మెల్లగా.

ముద్ద ముద్దకూ ఆయన మూతి తుడిచిన కొంగును ఆయనకు కనబడకుండా గుప్పిట్లో మడిచి పట్టుకుంది. గుప్పిలి విప్పి చూపించింది. కొంగంతా ఎర్రగా తడిసి ఉంది. కూర ఎరుపు కాదది.

నేను తలుపు వేసి కూర్చున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చేవాళ్లను చూస్తే బాపుకు చెయ్యి లేస్తుంది, అందుకని అద్దం దిక్కు తిరిగాను.

"నువ్వు జూడు" అన్నాడు. "ఎక్కువ గాలే?"

ఒక తునక నోట్లో వేసుకున్నాను. ఆయన ఇన్నేళ్లూ చెప్పినంత రుచిగానే ఉంది.

"అయింది బాపు. మస్తు ఎక్కువైంది."

"మరి నేను జెప్పలే" అన్నాడు, పంతం నెగ్గిన మనిషిలా. ఇంకో ముద్ద పెట్టమని నోరు తెరిచాడు.